డోలు ఆగేదాకా

సత్తార్ కర్రకు మొన చెక్కుతున్నాడు. చెక్కకూడని కర్ర అది. జిరీద్ ఆటలో గుర్రం మీంచి విసిరే ఓక్ కర్ర, ఎవరికీ గుచ్చుకోకూడదని తాతల కాలం నుంచీ తల గుండ్రంగా ఉంచే కర్ర. ఆ గుండ్రటి తలను ఇవాళ తన బాకే కొంచెం కొంచెంగా తినేస్తుంటే పెళ్ళిబట్టలు చింపి గాయానికి కట్టు కడుతున్నట్టుంది, తప్పదని తెలుసు, అయినా చెయ్యి ఇష్టంగా కదలడం లేదు. పొగమంచు ఎంత చిక్కగా ఉందంటే చేతిలో కత్తి కనిపిస్తోంది గాని రాలిన పేళ్ళు ఎక్కడ పడుతున్నాయో కనిపించడం లేదు. వెనక అతని గుర్రం కరాగుష్ నిలబడి ఉంది, సకిలించకుండా దాని మూతికి నడికట్టు విప్పి చుట్టాడు, ఆ గుడ్డలోంచి వచ్చే వెచ్చటి ఊపిరి అతని మెడ మీద పడుతోంది, వదులుతోంది. దానికీ తెలుసు కర్ర పట్టుకున్నాడంటే ఆట ఉందని. ఆట కాదే పిచ్చిదానా అని చెప్పాలనిపించింది. చెప్పలేదు. చెప్తే తనకే వినపడుతుంది.

తుపాకి పేలిందంటే అంతే సంగతులని దళపతి కెరీమ్ ఆగా మరీ మరీ చెప్పాడు. ఎదురుగా ఉన్న మిట్టకు అవతల, పాత నీటిమర దగ్గర, రష్యా సైన్యంలోని కొసాక్కులు దిగి ఉన్నారు. మిట్టకు ఇవతల ఈ వాగు. వాగు వెనక పచ్చిక మైదానం, దాని చివర సొగాన్లీ కొండల పైన్ అడవి. ఆ మైదానంలో ఇప్పుడు ఊరి బండ్లన్నీ అడవి వైపు నడుస్తున్నాయి. బండ్లలో గడ్డి, గడ్డి కింద కెరీమ్ ఆగా దళంలో గాయపడ్డవాళ్ళు. దొరికితే యూనిఫారం లేనివాళ్ళని బందిపోట్ల కింద కట్టి అక్కడికక్కడే కాల్చేస్తారు, ఎడ్లను ఫిరంగులు లాగడానికి తోలుకుపోతారు, ఆడవాళ్ళూ పిల్లలూ నడిమైదానంలో మిగిలిపోతారు. రోజూ పొద్దున నీటిమర దగ్గర్నుంచి ఒక వేగు గుర్రం మిట్ట ఎక్కుతుంది, నాలుగు వైపులా చూస్తుంది, వెనక్కి వెళ్ళి చెబుతుంది. మంచు ఉన్నంతసేపూ బండ్లకు భయం లేదు. కానీ జూన్ నెల మంచుది చుట్టపుచూపు, బండ్లు అడవి చేరేలోపే లేచిపోతుంది. అందుకని ఆ వేగువాడు మిట్ట ఎక్కితే వెనక్కి వెళ్ళకూడదు. సద్దు కాకూడదు. అందుకని కర్ర.

ఒరే, పెళ్ళాట కర్రతో తెల్ల పాదుషా సైన్యాన్ని ఆపుతావా అని ఆగా నవ్వాడు, బల్లెం ఉంటే ఇవ్వమని తను అడిగితే, ఉంటే నేనే పోయేవాణ్ణి కదరా, నీ మొహం చూస్తూ కూర్చుంటానా అన్నాడు. ముసలివాడి నవ్వు వెంటనే ఆరిపోయింది. వచ్చేవాడు మనవాడే కావచ్చు సుమా అన్నాడు. మనవాడు అంటే నల్ల టోపీవాడు. అర్పాచాయ్ ఏటికి ఆ గట్టు మీదా ఈ గట్టు మీదా ఒకే జనం, ఒకే గొర్రెతోలు టోపీ, ఒకే యాస, ఒకళ్ళ ఆడపడుచులు ఇంకొకళ్ళ కోడళ్ళు. ఆ ఏరే సరిహద్దని ఇద్దరు పాదుషాలు కాయితం మీద ఒప్పుకున్నారట, ఏటికి ఎవరూ చెప్పలేదు, గొడ్లకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు అవతలి గట్టువాళ్ళను తెల్ల పాదుషా, అదే రష్యా జారు, గుర్రపు దళంలోకి తీసుకున్నాడు, ఇవతలి గట్టువాళ్ళు సుల్తాను పక్షాన కొండలు పట్టారు. దారులు తెలిసినవాళ్ళని వేగుకు పంపుతారు కదా. దారులు తెలిసినవాళ్ళంటే ఎవరు. ఆ ఆలోచనను సత్తార్ పేళ్ళతో పాటు కింద పారేశాడు. కొసాక్కే వస్తాడు. చదునైన టోపీ, ఎర్ర గడ్డం, తెలియని మొహం. కొసాక్కే రావాలి.

కర్ర కొన ఇప్పుడు బొటనవేలంత సన్నబడింది. భార్య పెరీహాన్ ముందు బండి తోలుతూ ఉంటుంది. నిలబడి తోలుతుంది, కూర్చోమంటే కూర్చోదు, కూర్చుంటే ఎడ్లకు నేను వెనకున్నానన్న సంగతి ఎలా తెలుస్తుంది అంటుంది. వాళ్ళ బండి ఇరుసు కూత చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు, రెండు కోసుల అవతలినుంచే అదిగో సత్తార్ బండి అనేవారు. కొయ్య ఇరుసు ఎంత గట్టిగా కూస్తే ఇంటికి అంత పరువు ఆ సీమలో, కూత పెట్టని బండి దొంగబండి. రాత్రి ఆమె గొర్రె తోకకొవ్వు కుండంతా తెచ్చి అరచేతులతో ఇరుసుకు పూసింది, ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఆమెను చూసి అదే పని చేశారు, చలికాలానికని దాచుకున్న కొవ్వు అంతా చక్రాలు తాగేశాయి. ఎప్పుడూ అంత మౌనంగా ఊరు కదలలేదు. బయల్దేరేముందు పెరీహాన్ జాగ్రత్త అనలేదు, దేవుడున్నాడు అనలేదు. చలికాలం ఏం తింటావో ఇప్పుడే ఆలోచించుకో, కొవ్వు అయిపోయింది అంది. నడుముకు రొట్టె, ఎండు బాతు ముక్క కట్టింది. అంటే చలికాలం ఉంటుందని ఆమె లెక్క. తను ఉంటాడని. ఆ మాట తలుచుకుంటే సత్తార్ ఛాతీ ఇంత మంచులోనూ వెచ్చబడింది, ఈ సీమలో ఇలాంటి ఆడది ఇంకెవరికైనా ఉందా, ఏరు దాటించి తెచ్చుకున్నాడు తను, డోలు సన్నాయిలతో తెచ్చుకున్నాడు.

డోలు. తూర్పున కార్స్ కోట వైపు మళ్ళీ మొదలైంది. రష్యా ఫిరంగులు కోట మీద కొడుతున్నాయి, కోట తిరిగి కొడుతోంది, ఇంత దూరానికి అది పేలుడులా వినపడదు, గోడ అవతల పెళ్ళిడోలులా వినపడుతుంది, చెవికంటే ముందు అరికాలికి తెలుస్తుంది. పుష్కరం కిందట ఇలాంటి డోలే, ఇలాంటి పచ్చికే. ఏటి మీద రెండు వైపులా కాపలా సిపాయిలకు చెరొక కాల్చిన బాతు ఇచ్చి పెళ్ళివారు గుర్రాలతో నీళ్ళలోకి దిగారు, సిపాయిలు ఆకాశం వంక చూశారు. పెళ్ళికూతురి ఊరి బయట జిరీద్. రెండు వరుసలు, ఎదురెదురు. ఒకడు దూసుకెళ్ళి కర్ర విసిరి వెనక్కి తిరుగుతాడు, రెండోవాడు తరుముతాడు. తగిలితే గెలుపే. కానీ తప్పే వీలే లేనంత దగ్గరికి వచ్చి కూడా విసరకుండా కర్రను తల మీదికెత్తి చూపించాడంటే క్షమించినట్టు, అది తగలడం కంటే పెద్ద గెలుపు. క్షమ పొందినవాడు మాట్లాడకుండా గుర్రం దిగాలి, పగ్గం పట్టుకుని నేల మీద కూర్చోవాలి, డోలు ఆగేదాకా లేవకూడదు. ఎవరూ కాపలా ఉండరు. కట్టేయరు. కూర్చోవాలి, అంతే.

ఆ రోజు తను పెళ్ళికొడుకు. కర్ర విసిరి తిరిగాడు, వెనక నొవ్రూజ్ తరుముతున్నాడు, పెరీహాన్ పెదనాన్న కొడుకు, ఆ గట్టు మీద వాణ్ణి మించిన రౌతు లేడు. తప్పించుకోగలిగేవాడే. కానీ మిద్దె మీద ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు, వాళ్ళ మధ్య ఎర్ర ముసుగు ఉంది, తను ఎంత బాగా స్వారీ చేస్తున్నాడో ఆ ముసుగు చూస్తోందా లేదా అని తల తిప్పాడు. ఒక్కసారే. రౌతు తల తిరిగితే గుర్రం అడుగు తడబడుతుంది. వీపు మీద వాడి గుర్రం ఊపిరి తగిలింది. భుజాలు బిగించి దెబ్బ కోసం చూశాడు. దెబ్బ రాలేదు. దెబ్బ తగిలినా బాగుండేది, తోలు చిట్లేది, మానేది. వచ్చింది జనం కేక. తిరిగి చూస్తే నొవ్రూజ్ కర్ర ఆకాశంలో ఉంది.

జరీ అంగీతో నేల మీద కూర్చున్నాడు సత్తార్. డోలు కొట్టేవాడు ఆ రోజు కొత్త చేతులు మొలిపించుకున్నట్టు కొట్టాడు. పక్కనుంచి దుమ్ము రేపుకుంటూ నొవ్రూజ్ పోయాడు, పళ్ళన్నీ బయటపెట్టి. "కూర్చో బావా, కూర్చో. గడ్డి మెత్తగానే ఉంది." జనం పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ మాట తర్వాత ప్రతి పెళ్ళిలోనూ వచ్చింది, సంతలో వచ్చింది, గొర్రెల బేరంలో వచ్చింది. ఎప్పటికైనా వాణ్ణి దింపాలి అనుకున్నాడు, ఈ కరాగుష్‌ని పిల్లగా ఉన్నప్పట్నుంచీ దానికోసమే పెంచాడు. నొవ్రూజ్ దిగలేదు. వాణ్ణి ఎవరూ ఎన్నడూ దింపలేదు. అసలు వాడు దిగుతాడా అని కూడా ఎవరికీ తెలియదు, ఆ పని వాడికి ఎప్పుడూ పడలేదు కదా. పెరీహాన్ మాత్రం ఒకసారి, పిల్లవాడికి పాలిస్తూ, నవ్వకుండా చెప్పింది. మా ఊళ్ళో ఓడిపోతే గుర్రం కొట్టుకుంటూ పారిపోయినవాళ్ళని చూశాను, నువ్వు అంగీ మాసిపోతుందని కూడా చూడకుండా కూర్చున్నావు, అది చూసే మనసు కుదుటపడింది నాకు. ఊరుకోబెట్టడానికి అంటోంది అనుకున్నాడప్పుడు. ఇప్పుడెందుకో ఆ మాట ఒళ్ళో పెట్టుకుని తిప్పి తిప్పి చూస్తున్నాడు.

కర్ర మొన తేలింది. వేలితో తాకితే రక్తం చుక్క వచ్చింది. ఇక ఇది ఆటకు పనికిరాదు. కరాగుష్ చెవులు ముందుకు నిక్కాయి.

లాడం రాతి మీద తగిలిన చప్పుడు. ఒక్క గుర్రమే. మిట్ట మీద మంచు పాలమీగడలా పక్కకు జరుగుతోంది, మొదట గుర్రం కాళ్ళు కనిపించాయి, తర్వాత రికాబు, తర్వాత వీపు మీద బొచ్చు తొడుగులో తుపాకి. టోపీ కనిపించాలి. కొసాక్కు టోపీ. సత్తార్ పెదవులు కదిలాయి, ఏమని వేడుకున్నాడో తనకే తెలియదు. మంచు ఇంకొంచెం జరిగింది. నల్ల గొర్రెతోలు టోపీ, కుడి చెవి మీదికి వంచి పెట్టింది. అలా వంచి పెట్టేవాడు రెండు గట్ల మీదా ఒక్కడే.

అదే సమయానికి వెనక మైదానం మీద కూడా తెర లేచింది. వెనక్కి చూడకుండానే తెలిసింది సత్తార్‌కు, నొవ్రూజ్ గుర్రం మీద నిటారుగా లేచి అటే చూస్తున్నాడు కాబట్టి. బండ్లు కనిపించాయి. అడవి ఇంకా దూరం. నొవ్రూజ్ కళ్ళెం తిప్పాడు.

ఆ తర్వాత ఆలోచన లేదు, లేదా అంతా ఆలోచనే. మూతిగుడ్డ లాగేయడం, జీను మీదికి ఎగరడం, వాగు నీళ్ళు మొహాన కొట్టడం, మిట్ట మీది గులకరాళ్ళు, అవతలి వాలు, నొవ్రూజ్ గుర్రం తోక, పగ వాడి మీద కాదు, దూరం మీద, ఇంత దూరం, ఇంకొంచెం తక్కువ దూరం. కరాగుష్ తను పుట్టింది దీనికోసమేనన్నట్టు ఒళ్ళు నేలకు పరిచింది. వాలు కింద నీటిమర కప్పు, వంటల పొగ కనిపిస్తున్నాయి. అరిస్తే వినపడే దూరానికి ఇంకా రాలేదు, వచ్చేస్తుంది. తొడుగులోంచి తుపాకి తీసే తీరిక వాడికి లేదు. వీపు కనిపిస్తోంది, వెడల్పైన వీపు, భుజం మీద జారు దళం ఎర్ర గుడ్డ, దాని కింద ఎముక లేని చోటు. చెయ్యి వెనక్కి వెళ్ళింది. అప్పుడు నొవ్రూజ్ తల తిప్పాడు. ఎవరా అని. ఒక్కసారే. వాడి గుర్రం అడుగు తడబడింది, కరాగుష్ ఊపిరి వాడి వీపు మీదికి చేరింది, ఇక గుడ్డివాడు విసిరినా తప్పదు. విసురు, బండ్లు, పెరీహాన్, గడ్డి కింద మూలిగేవాళ్ళు, విసురు. చెయ్యి కదిలింది. ముందుకు రాలేదు. పైకి పోయింది.

కర్ర ఆకాశంలో ఉంది.

ఏం చేశాను అనుకున్నాడు సత్తార్. చిన్నప్పట్నుంచీ వెయ్యిసార్లు నేర్చుకున్న చెయ్యి, అంత దగ్గరికి వస్తే ఏం చేయాలో ఒక్కటే తెలిసిన చెయ్యి, తనను అడగకుండా చేసేసింది. లేక తనే చేశాడా. వెనక నుంచి, మొన చెక్కిన కర్రతో, తనను ఒకప్పుడు క్షమించినవాణ్ణి పొడిచాడన్న పేరుతో బతికి కొడుకుని జీను ఎలా ఎక్కిస్తాడు అనుకున్నాడా. అంత తీరిక ఎక్కడిది. ఊరంతటినీ ఒక్క మనిషి పరువు మీద పందెం కాశాడు, అదీ జారు జీతం తింటున్న మనిషి. ఈ పిచ్చిపని ఈ రెండు గట్లవాళ్ళు తప్ప లోకంలో ఎవరూ చేయరు. తన గుండె డోలు తనకే వినపడుతోంది. అయినా ఎత్తిన చెయ్యి దించలేదు. దించితే ఎత్తనట్టే.

నొవ్రూజ్ గుర్రం ఆగింది. నురగలు కక్కుతూ అడ్డంగా తిరిగింది. గడ్డంలో తెల్లవెంట్రుకలు వచ్చాయి వాడికి. కుడిచెయ్యి తుపాకి తొడుగు మీదికి పోయి అక్కడే ఉంది. కాల్చక్కర్లేదు, గాల్లోకి పేలిస్తే చాలు. ఒకసారి కింద పొగవైపు చూశాడు, ఒకసారి పైకెత్తిన కర్ర వైపు. కర్ర కొస దగ్గర వాడి చూపు ఆగింది.

"మొన చెక్కావా?"

"చెక్కాను."

"నాకోసమేనా?"

"ఎవరొస్తే వాళ్ళకోసం."

నొవ్రూజ్ మళ్ళీ కింద పొగవైపు చూశాడు. నీ చెల్లెలు ఆ బండ్లలో ఉంది అని ఒక్క మాట అంటే చాలు, ఆ మాట సత్తార్ నాలుక చివరికి వచ్చింది. మింగేశాడు. చుట్టరికం చెప్పి బతిమాలితే ఎత్తిన కర్రకు విలువేముంది. దిగితే కర్రకే దిగాలి. దిగకపోతే, వాడు దిగని మనిషని రెండు గట్లకూ తెలియాలి, తెలిపేందుకు తను మిగలకపోయినా.

తొడుగు మీద చెయ్యి లేచింది. నొవ్రూజ్ కాలు రికాబులోంచి తీశాడు. ఎన్నడూ చేయని పని, అందుకే మెల్లిగా, అలవాటు లేనివాడు మసీదు మెట్లు దిగినట్టు దిగాడు. పగ్గం చేతికి చుట్టుకున్నాడు. తడి గడ్డి మీద కూర్చున్నాడు, మంచి కోటుతో. సత్తార్ చెయ్యి అప్పుడు దిగింది, భుజం అప్పుడు నొప్పెట్టింది. పుష్కరం నుంచి ఈ దృశ్యం ఎన్నిసార్లు ఊహించాడో, ఊహలో తను నవ్వేవాడు, జనం నవ్వేవారు. ఇప్పుడు నవ్వు రాలేదు. ఇది తన గెలుపో వాడి గెలుపో విడదీయడం తెలియలేదు. మావాళ్ళు, అనుకున్నాడు. ఇద్దరు పాదుషాలు కలిసినా ఇలాంటి ఇద్దర్ని తయారు చేయలేరు.

కూర్చున్నాకే నొవ్రూజ్ మిట్ట సందులోంచి మైదానం వైపు సరిగ్గా చూశాడు. కళ్ళు చికిలించాడు.

"ముందు బండి ఆడమనిషి తోలుతోంది బావా. నిలబడి."

"ఊఁ."

"మా ఇంటి ఆడవాళ్ళే అలా నిలబడతారు." మళ్ళీ చూశాడు. "ఇరుసు కూత ఏదీ?"

"కొవ్వు పూసింది. ఉన్నదంతా."

నొవ్రూజ్ తల ఊపాడు. ముందే ఎందుకు చెప్పలేదని అడగలేదు. ఎందుకు చెప్పలేదో అడగక్కర్లేని మనిషి. నీటిమర దగ్గరవాళ్ళకు ఏం చెబుతావని సత్తార్ అడిగితే, గుర్రం లాడం ఊడిందని చెబుతానన్నాడు, నమ్మకపోతే నా పాట్లు నేను పడతాను, నువ్వు పో అన్నాడు. మాటలో ఏమీ లేదు గాని పగ్గం చుట్టిన వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. తూర్పున కార్స్ కోట మీద ఫిరంగులు ఒకదాని వెంట ఒకటి మోగాయి, నేల అదిరింది, నొవ్రూజ్ చెవి ఒగ్గి విన్నాడు. కుడి చెవి మీది టోపీ సర్దుకున్నాడు.

"ఎంతసేపు కూర్చోవాలి?"

"పద్ధతి నీకు తెలుసు."

"డోలు కొట్టేవాడు ఇవాళ అలిసేలా లేడు బావా."

సత్తార్ బాకు తీసి కర్ర మొనను ఒక్క వేటుతో నరికేశాడు. ముక్క గడ్డిలో పడింది. కరాగుష్‌ని తిప్పాడు. "కూర్చో బావా," అన్నాడు, "గడ్డి మెత్తగానే ఉంది." వెనక నొవ్రూజ్ నవ్వు వినిపించింది, గట్టిగా నవ్వకూడదని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న నవ్వు.

మిట్ట దాటాడు. వాగు దాటాడు. మంచు పూర్తిగా లేచిపోయింది, ఎండ పడ్డ మైదానం మీద దాక్కోవడానికి గడ్డిపోచ లేదు, బండ్లు చీమల బారులా అడవి అంచు వైపు పాకుతున్నాయి, మొదటి బండి చెట్ల నీడలోకి చేరుతోంది, దాని మీద నిలబడ్డ ఎర్ర శాలువా ఇటు తిరిగింది. చూస్తోంది. ఈసారి తప్పకుండా చూస్తోంది. అతని వీపు వెనక తుపాకి గుండు చేరగలిగిన దూరంలో, గుండు నింపిన తుపాకితో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఉన్నాడా. లేచాడా. మెడ వెనక చర్మమంతా ఆ ప్రశ్నే అడుగుతోంది, తల తిప్పితే చాలు, ఒక్కసారి. డోలు మోగుతూనే ఉంది. సత్తార్ మొన లేని కర్రను తొడ మీద ఆనించుకుని, వీపు నిటారుగా నిలిపి, అడవి చేరేదాకా తల తిప్పలేదు.